గజం తక్కువ తీగ

ఐసు ఫ్యాక్టరీ ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడిచేవారు కాదు. నడవక తప్పకపోతే వీధికి అవతలి పక్క నుంచి, మాటలు ఆపేసి, తల వంచుకుని నడిచేవారు. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. లోపల ఐసూ లేదు, పనివాళ్లూ లేరు. ఉన్నది ఒక్కటే. మేడ మీద గది కిటికీ దగ్గర బయలుదేరి, ఆవరణ దాటి, నీళ్ల ట్యాంకు ఇనపస్తంభాల దాకా పోయే రాగి తీగ.

ఆ తీగ ఏడ్చేది.

నవ్వకండి. పొద్దు వాలి గాలి చల్లబడితే చాలు... హూఁ... హూఁ... అని మొదలయ్యేది. గొంతు నొక్కుతుంటే వచ్చే మూలుగులా ఉండేదని ఆ వీధి ఇస్త్రీ తాత చెబుతాడు. ఆయనకి పక్కన నిలబడి అరిచినా వినపడదు. ఆ మూలుగు మాత్రం వినపడేదట. అదెలాగో ఆయన్నే అడగాలి.

ఇది నేను చూసింది కాదు. ఆ వీధి మలుపులో బట్టలు కుట్టే టైలరమ్మకి జరిగింది. ఆమె దగ్గర కాజాలు కుట్టే మనిషి నాకు చెప్పింది. రెండు నోళ్లు మారిన మాటే — అయినా టైలరమ్మ మెడ చూసినవాళ్లెవరూ అబద్ధమని అనరు.

ఆ తీగ కింద పడి చనిపోయినవాడు టైలరమ్మ నాన్నే. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో అక్కడ ఎలక్ట్రీషియన్. తీగల మేస్త్రి అనేవారు. హామ్ రేడియో పిచ్చి. లైసెన్సు తీసుకుని, మేడ గదిలో రేడియో పెట్టుకుని, సాయంత్రమయ్యేసరికి సముద్రాల అవతలివాళ్లతో కబుర్లు మొదలెట్టేవాడు. ఇంట్లో మాత్రం నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు కూర్చునేవాడు.

ఆ తీగ ఆయన ప్రాణం. దాని సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. ఒక్క తీగే ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది మెగాహెర్ట్జ్ — మూడు బ్యాండ్లమీదా పలకాలంటే దాని పొడవు సరిగ్గా కుదరాలి. కుదిరితే రేడియోకీ తీగకీ తగువుండదు. కుదరకపోతే రేడియో పంపిన శక్తి తీగని తాకి వెనక్కి వచ్చేస్తుంది. అది చూపించడానికి బల్ల మీద మీటరులో ఒక ముల్లు ఉంటుంది. ఒకటి దగ్గర పడుకుంటే అంతా సవ్యం. మూడు దాటిందంటే రేడియోకి మూడినట్టే. పొడవు కుదరనివాళ్ల కోసం ట్యూనరని ఒక డబ్బా ఉంది. దాని బొత్తాలు తిప్పుతూ పోతే ఎలాంటి తీగతోనైనా ముల్లుని పడుకోబెట్టేస్తుంది.

మేస్త్రికి ట్యూనరంటే పడదు. "అది రేడియోకి నచ్చజెబుతుందమ్మా, అంతే. తీగని మార్చదు. తప్పు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది," అనేవాడు.

తీగ కొలిచిన రోజు కూతురే టేపు పట్టుకుంది. ఇరవై రెండు గజాలు, వెంట్రుకవాసి తేడా లేకుండా. చివర మెలితిప్పి, టంకం పోసి, చిన్న కొక్కెంలా చేశాడు. కూతురు తన గోళ్ల రంగు సీసా తెచ్చి దానిమీద ఎర్రచుక్క పెట్టింది. ఆ కొక్కేనికి తాడు కట్టి, ట్యాంకు స్తంభం మీది కప్పీ మీదుగా పోనిచ్చి, అవతల ఒక ఇటుక వేలాడదీశారు. గాలొస్తే ఇటుక లేస్తుంది, దిగుతుంది. తీగ బిగుసుకోదు. మేస్త్రి బతికున్నంత కాలం అది ఒక్కసారి కూడా ఏడవలేదు. ఈ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆరేళ్ల కిందట ఒక రాత్రి ఆయన ట్యాంకు స్తంభం కింద పడి ఉన్నాడు. మొహం గుర్తు పట్టేలా లేదు. మెడ చుట్టూ గాటు. తీగలో చిక్కుకుని పడ్డాడన్నారు. "వద్దురా అన్నయ్యా అన్నా వినలేదు... తాగి ఎక్కాడు..." అని గుండెలు బాదుకుంటూ చెప్పినవాడు ఆయన సొంత తమ్ముడు. ఫ్యాక్టరీకి కాపలా మనిషి.

ఈ బాబాయి చెడ్డవాడని చెప్పడానికి టైలరమ్మకి ఒక్క కారణం లేదు. తల్లి మంచాన పడితే ఆసుపత్రికి మోసుకెళ్లింది ఆయనే. కుట్టుమిషనుకి మోటారు బిగించి ఇచ్చింది ఆయనే. మేస్త్రి పోయిన వారానికి ఎక్కడినుంచో ఒక ట్యూనరు మోసుకొచ్చి, తీగకి తగిలించి, "అన్నయ్య రేడియో మూగబోకూడదు" అని కళ్లు తుడుచుకున్నదీ ఆయనే. ఆమెకి కూడా కళ్లు చెమర్చాయి.

కానీ వీధిలో ఆమె పేరు మారిపోయింది. తాగుబోతు మేస్త్రి కూతురు. కొలతలిచ్చేటప్పుడు ఆడవాళ్లు జాలిగా చూస్తారు. నాన్న సీసా ముట్టగా ఆమె ఎన్నడూ చూడలేదు. బాబాయి అబద్ధమాడతాడని అనుకోవడానికీ మనసు రాలేదు. ఆ రాత్రి నాన్న తాగాడా, లేదా? ఆరేళ్లు మిషను తొక్కుతూ ఈ ఒక్క ముక్కే నమిలింది. చివరికి పంతం పట్టి, పుస్తకాలు తిరగేసి, హామ్ పరీక్ష రాసి, తన పేరున లైసెన్సు తెచ్చుకుంది. నాన్న కుర్చీ ఉన్న గదిలో కూర్చుంటే ఆయన ఎలాంటివాడో కాస్తయినా తెలుస్తుందని ఆశ.

ఆ సాయంత్రం బాబాయి పొరుగూరు వెళ్తూ గది తాళంచెవి చేతిలో పెట్టాడు. "వేసుకో అమ్మలూ. ట్యూనరు మాత్రం కదపకు. తీసేస్తే రేడియో కాలిపోతుంది."

ఫ్యాక్టరీ గేటుకి తాళం ఎప్పుడో పోయింది. చిలుము పట్టిన ఒక రాగితీగ ముక్కతో రెండు మెలికలు తిప్పి కట్టేవాడు బాబాయి. ఆమె దాన్ని విప్పి, లోపలికి వెళ్లి, మళ్లీ కట్టింది. ఆరేళ్లుగా ఎన్నిసార్లు విప్పిందో, ఎన్నిసార్లు కట్టిందో లెక్కలేదు.

మేడ గదిలో ఏమీ మారలేదు. ఒక మూల నాన్న కుర్చీ. దానిలో ఎవరూ కూర్చోరు. గోడవార బల్ల, బల్ల మీద రేడియో, దాని పక్కన రేడియో శక్తిని పదింతలు చేసే, వేడెక్కడానికి టైము తీసుకునే పెద్ద ఆంప్లిఫయరు. మోకాలెత్తు నుంచి లేచే పెద్ద కిటికీ — చెక్కంతా చెద తినేసింది. కిటికీ పక్కన గోడలోంచి తీగ లోపలికొచ్చి ఒక ఇత్తడి బోల్టు దగ్గర ఆగుతుంది. ఆ బోల్టుకి అడ్డంగా ట్యూనరు. బల్ల కింద కాలితో నొక్కే పెడలు. అది టైలరమ్మ పాత కుట్టుమిషనుదే. మాట్లాడేటప్పుడు చేతులు ఖాళీగా ఉండాలని మేస్త్రి అడిగి పట్టుకెళ్లి రేడియోకి బిగించుకున్నాడు. నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది, తీగలోకి శక్తి పోతుంది. అప్పుడు ఆ బోల్టుని తాకితే ఒళ్లు కాలిపోవడమే.

ఆంప్లిఫయరు వేడెక్కుతుండగా ఆమె నాన్న నోటుపుస్తకం తీసింది. మూడు బ్యాండ్లకీ ఎదురుగా ఆయన గుండ్రటి అక్షరాలు — ట్యూనరు అక్కర్లేదు.

వద్దన్న పని చేయకుండా ఉంటే ఆమె మేస్త్రి కూతురెలా అవుతుంది? ట్యూనరు ఊడదీసి నేల మీద పెట్టింది. దాని బదులు, రేడియోని తీగకి కలపడానికి నాన్న చేత్తో చుట్టుకున్న చిన్న రాగిచుట్టని బోల్టుకి తగిలించింది. రేడియోని పరీక్ష చేసే మోడులో పెట్టి పెడలు నొక్కింది.

ముల్లు మూడు దాటేసింది.

చటుక్కున కాలు తీసేసింది. తనకి చేతకాక అనుకుంది ముందు. నాన్న కొలత డబ్బా ఒకటి సొరుగులో ఉంది. తీగ ఏ అంకె దగ్గర కుదురుతుందో అది చెబుతుంది. తగిలించి చూసింది. ఏడుకి ఆనుకుని కుదరాల్సిన తీగ ఏడు పాయింటు నాలుగు దగ్గర కుదిరింది. డబ్బా తీసేసి రాగిచుట్టని మళ్లీ తగిలించింది.

అంకె పైకి జరిగిందంటే తీగ పొట్టిదయిందని అర్థం. పరీక్షకి చదివిన మొదటి పాఠం అది. బట్ట ఉతికితే కురచవుతుంది, రాగి తీగ కురచవదు. పుస్తకం అంచున పెన్సిలుతో లెక్కేసింది. ఇరవై ఒకటి. మళ్లీ వేసింది. ఇరవై ఒకటే.

గజం తక్కువ.

సరిగ్గా అప్పుడే బయట మొదలయింది... హూఁ... హూఁ...

ఒళ్లు జలదరించింది. అయినా టేపు మెడలో వేసుకుని, టార్చి పట్టుకుని కిందికి దిగింది. ఆవరణ దాటి ట్యాంకు నిచ్చెన ఎక్కింది. ఒక్కో మెట్టుకీ మూలుగు పెద్దదవుతోంది. పైన ఇనపరేకు అరుగు మీద టార్చి వేసింది.

కప్పీ ఖాళీ. ఇటుక ఓ పక్కన పడుంది. కొక్కెం లేదు, ఎర్రచుక్క లేదు. తీగ కొసని ఎవరో కటింగ్ ప్లయరుతో నున్నగా కోసి, లాగి, స్తంభానికే బిగించి కట్టేశారు. వీణ తీగలా బిగుసుకుపోయి వణుకుతోంది.

అరచెయ్యి ఆనించింది. మూలుగు ఆగింది. తీసింది. మళ్లీ హూఁ...

అంతే. గజం తక్కువైన తీగని బలవంతాన అందేలా లాగి కట్టారు. చల్లగాలి తగిలితే పాడుతుంది. దెయ్యం లేదు. దెయ్యం లేదని తెలిశాక ఆమెకి అసలు భయం పట్టుకుంది. తాగి పడిపోయినవాడు పడ్డాక లేచొచ్చి తీగ కోసి మళ్లీ కట్టడు కదా.

గబగబా దిగింది. మేడెక్కి గదిలోకొచ్చి నోటుపుస్తకం జాకెట్టులో దోపుకుంది. పోలీసు స్టేషను నాలుగు వీధుల అవతల. తలుపు వైపు తిరిగింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"బస్సు తప్పిపోయింది అమ్మలూ," అన్నాడు బాబాయి, గుమ్మంలో నిలబడి. చేతిలో గేటు తీగ ముక్క. చూపు మాత్రం నేల మీదున్న ట్యూనరు మీద. "...తీయొద్దని చెప్పానుగా."

"నాన్న పుస్తకంలో అక్కర్లేదని ఉంది బాబాయ్."

"ఊఁ."

"తీగ గజం తక్కువుంది."

ఆయన లోపలికొచ్చాడు. తలుపు చేరవేసి గడియ పెట్టాడు. "మీ నాన్నా అంతే," అన్నాడు గుసగుసగా. "ప్రతిదీ కొలవాలి. కళ్లు మూసుకుని ఒక్క పని చేయడు."

అప్పుడు చూసిందామె ఆయన చేతిలోని తీగ ముక్కని. లాంతరు వెలుగులా పసుపుపచ్చగా ఉన్న బల్బు కింద, చిలుము మధ్యలో, టంకం పోసిన చిన్న కొక్కెం. దాని పక్కన గోరంత ఎరుపు. ఆమె గోళ్ల రంగు.

ఆరేళ్లు తన వేళ్లతోనే విప్పింది. తన వేళ్లతోనే కట్టింది.

"బాబాయ్... ఆ రాత్రి నాన్న తాగాడా?"

"లేదు." ఆయన తీగ ముక్కని రెండు చేతులా పట్టుకున్నాడు. "చుక్క ముట్టలేదు. దొంగసరుకు లారీలకి ఈ తీగ మీదే చెక్‌పోస్టు కబుర్లు చెప్పేవాణ్ని. కనిపెట్టేశాడు. తెల్లారితే కంప్లయింటు ఇస్తానన్నాడు. కాళ్లు పట్టుకున్నా... తమ్ముణ్నని కూడా చూడలేదు. పైన తీగ దించి పట్టుకుని ఉన్నాడు. చేతికందింది. చుట్టేశాను. కండలోకి దిగిపోయింది... విప్పుదామంటే రాలేదు. కోయాల్సి వచ్చింది."

ఆమె పెడలు వైపు అడుగేసిందో, తలుపు వైపో, ఆమెకే తెలియదు. ఆయనకి తెలుసు. ఒక్క తన్ను తన్నాడు. పెడలు తన వైరుని ఈడ్చుకుంటూ నేల మీద గరగరమని జారి, గది అవతలి మూలకి పోయింది. మరుక్షణంలో ఆయన ఆమె వెనక ఉన్నాడు. తీగ మెడ చుట్టూ తిరిగింది.

అరుపు రాలేదు. వచ్చింది ఒక్కటే... హూఁ... ఇస్త్రీ తాత చెప్పిన మూలుగు. అది తన గొంతులోంచే రావడం ఆమె విన్నది.

మోచేత్తో పొడిచింది. తలతో వెనక్కి గుద్దితే ఆయన ముక్కు చిట్లింది. వెచ్చటి నెత్తురు ఆమె మెడ మీదుగా కారింది. ఆయన పట్టు వదల్లేదు. ఒక చుట్టు చేతికి మెలిపెట్టి, ఆమెని ఈడ్చుకుంటూ వెనక్కి, కిటికీ వైపు నడిచాడు. టైలరమ్మ వేళ్లు తీగకీ మెడకీ మధ్య ఇరుక్కుని తెగుతున్నాయి. కాలితో నేలంతా తడిమింది. పెడలు లేదు. ఉండదు. గది చీకటవుతోంది, కళ్లలో ఎర్రటి చుక్కలు...

అప్పుడు, ఎందుకో, ఆయన చేతులు ఒక్క లిప్త సడలాయి.

"అన్నయ్యా..." అన్నాడు బాబాయి. చిన్నపిల్లాడిలా. "వద్దు..."

ఒక అడుగు వెనక్కి వేశాడు. మెడ వెనక భాగం వెళ్లి ఇత్తడి బోల్టుకి ఆనింది.

ఎర్రదీపం వెలిగింది.

కొరడా విసిరినట్టు చటచటమంది. నీలం నిప్పు ఆయన మెడలో దిగింది. చర్మం కాలిన కంపు గదంతా కమ్ముకుంది. ఆ మంట ఆయన చేతుల్లోంచి, తీగ ముక్కలోంచి ఆమె మెడకీ అంటుకుంది. ఆమె ముందుకి పడింది. ఆయన ఎద్దు రంకె వేసినట్టు అరిచి, వెనక్కి ఎగిరి, కిటికీకి గుద్దుకున్నాడు. చెద తిన్న చెక్క అంత బరువు ఓర్చలేదు. కిందనుంచి కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడొకటి వచ్చింది, మళ్లీ ఏమీ వినపడలేదు.

దీపం ఆరిపోయింది.

ఆ చప్పుడికి వీధి వీధంతా లేచింది. దెయ్యానికి భయపడి ఆరేళ్లు గేటు దరిదాపులకి రానివాళ్లు కర్రలు పట్టుకుని లోపలికొచ్చారు. ముందు నడిచింది ఇస్త్రీ తాతేనట. బాబాయి తల పగిలి అప్పటికే పోయాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు సాక్ష్యం కోసం ఆ తీగ ముక్కని అసలు తీగకి అతికించమన్నాడు. మెడకి కట్టుతో, కట్టు కట్టిన వేళ్లతో టైలరమ్మే కొలిచింది. గజం. అతికించి, తాడు కట్టి, కప్పీకి ఇటుక వేలాడదీసి, ట్యూనరు లేకుండానే పరీక్షించారు. ముల్లు ఒకటి దగ్గర పడుకుంది. పుస్తకంలో నాన్న రాసిన అంకె దగ్గరే.

ఆ సాయంత్రం తీగ ఏడవలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఏడవలేదు. మేస్త్రి తాగలేదన్న సంగతి పొద్దుపోకముందే వీధంతా పాకింది. జాలిగా చూసిన ఆడవాళ్లే వచ్చి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చారు. ఆమె కూడా ఏడ్చింది. నాన్న కోసమూ ఏడ్చింది, చెప్పడానికి సిగ్గేసినా బాబాయి కోసమూ ఏడ్చింది.

"సరే, మూలుగు సంగతి తేలిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు కాగితాలు సర్దుకుంటూ. "దెయ్యం లేదు, భూతం లేదు. బిగుసుకున్న తీగ. ఇక ఒక్క ముక్క రాసుకుంటే నా పని అయిపోతుందమ్మా. పెడలు మీరే నొక్కారు కదా?"

"నేనే నొక్కాను," అంది టైలరమ్మ.

అతను రాసుకున్నాడు. లేచి, గది అవతలి మూలకి నడిచాడు. "మరి ఇంత దూరం మీ కాలు ఎలా అందింది? తన్నితే జారిపోయిందన్నారు." వంగి చూశాడు. "తిరగబడి, దాని బరువుకి అదే నొక్కుకుపోయిందేమో అనుకున్నా. తిరగబడలేదే. చక్కగా ఉంది."

ఆమె పెడలు వైపు చూసింది. మెడ మీద కట్టు సర్దుకుంది. ఆ రోజు నుంచీ ఆమె జాకెట్లన్నీ కాలరు మెడతోనే కుట్టుకుంటుంది.

పెడలు నాన్న కుర్చీ ముందు, ఆయన కుడికాలు పెట్టుకునే చోట ఉంది. ఆరేళ్ల దుమ్ములో, దాని పక్కనే, కుర్చీ కాస్త ముందుకి జరిగినట్టు, దాని కాళ్ల గుర్తులు నాలుగు.